ఎనిమిది చుక్కలు

మార్చి 2

ఉడుత సీసాలో మబ్బు ఈసారి కూడా విడిపోలేదు.

మధ్యాహ్నం మూడింటికి సార్ వచ్చి సీసాని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూశారు. లోపల తెల్లటి మబ్బు అలాగే ఉంది. అంటే ఒక్క బ్యాక్టీరియా కూడా చావలేదన్నమాట. కోట్లకు కోట్లు హాయిగా ఈదులాడుతున్నాయి. "ఎన్నోసారి ఇది?" అన్నారు సార్. "నూట తొమ్మిదోసారి సార్" అంది ఉడుత. ఏ నలభయ్యో యాభయ్యో అని ఊరుకోవచ్చుగా! అబద్ధం చెప్పడం రాకపోవడమే ఆ పిల్లకున్న పెద్ద రోగం. సార్ సీసా దించి, అందరూ వింటుండగా, "లోపం సిద్ధాంతంలో లేదమ్మా, నీ చేతుల్లో ఉంది" అనేసి వెళ్ళిపోయారు.

27న కమిటీ కూర్చుంటుంది. ఉడుత పరిశోధనకి చేరి అయిదేళ్ళు నిండాయి. ఈలోగా ఒక్కసారైనా మబ్బు విడిపోకపోతే పంపించేస్తారు. డిగ్రీ లేదు, అయిదేళ్ళ చాకిరీ నీళ్ళపాలు.

ఉడుత అని పేరు పెట్టింది నేనే. కోటు జేబుల నిండా బిస్కెట్లు, పెన్సిల్ ముక్కలు, రబ్బరు బ్యాండ్లు దాచుకుని, బల్లకీ బల్లకీ మధ్య పరుగులు తీస్తుంటుంది. ఈ రోజు మాత్రం బల్ల దగ్గరే నిలబడిపోయింది. నేను ఖాళీ సీసాలు కడుక్కుంటూ, చూడనట్టు నటించాను.

మార్చి 3

ఈ డైరీ మా ఆయన కళ్ళద్దాల దుకాణానికి అద్దాల కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. రెండు నెలలు ఖాళీగా పడి ఉంది. నిన్న ఎందుకు తీశానో తెలియదు. రాయడానికి నా దగ్గరేం ఉంది గనక.

మార్చి 5

ఎవరో ఇద్దరు పెద్దమనుషులు లాబ్ చూడడానికి వచ్చారు. సార్ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చేసింది. "ఈ బ్యాక్టీరియా కడుపులో చిన్న డీఎన్‌ఏ ఉంగరం ఉంటుంది. ఆ ఉంగరం రెండే పనులు చేయిస్తుంది. ఒకటి విషం, ఇంకోటి ఆ విషానికి విరుగుడు. విషం గట్టిది, చాలాకాలం చెక్కుచెదరదు. విరుగుడు బలహీనం, గంటలో చివికిపోతుంది. అందుకని బతికి ఉన్నంతకాలం విరుగుడు చేసుకుంటూనే ఉండాలి. మానేసిందా, లోపలున్న విషమే దాన్ని చంపేస్తుంది." ఇక్కడ సార్ ఒక క్షణం ఆగుతారు. వచ్చినవాళ్ళు తలలు ఆడిస్తారు. "ఆకలి ముంచుకొచ్చినప్పుడు కొన్ని బ్యాక్టీరియా విరుగుడు చేయడం మానేసి చచ్చిపోతాయి. చస్తూ చస్తూ నీళ్ళలోకి ఒక కబురు వదులుతాయి. అది అందుకున్నవీ చస్తాయి. మిగిలిన తోబుట్టువులు వాటిని తిని బతుకుతాయి. ఆ కబురుని మేం పట్టుకున్నాం."

పట్టుకున్నది నేను. సీసాలో బ్యాక్టీరియాని పెంచి, ఆకలికి మాడ్చి, వడగడితే వచ్చే నీళ్ళని మేం తేట అంటాం. ఆ తేటని ఇంకో సీసాలో పోస్తే మూడు గంటల్లో మబ్బు విడిపోయి, అవతలివైపు గోడ కనపడాలి. ఆరేళ్ళ క్రితం సార్‌కి పేరు తెచ్చిన వ్యాసం మొత్తం ఈ ఒక్క ముక్క మీదే నిలబడి ఉంది. వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో నాకు కృతజ్ఞతలు కూడా చెప్పారు.

ఈ రోజు వాళ్ళ ముందు నా తేట పోశాను. మబ్బు విడిపోయింది. "అక్కయ్య చెయ్యి పడితే చాలు, బ్యాక్టీరియా కూడా మాట వింటాయి" అన్నారు సార్. లాబ్‌లో అందరికీ అక్కయ్యనే, సార్‌కి కూడా.

తర్వాతి తేట తయారుచేస్తుంటే ఉడుత పక్కనే నిలబడి ప్రతిదీ రాసుకుంది. సీసాని ఎడమచేత్తో పట్టుకుంటానని రాసింది. మూత తిప్పేటప్పుడు కూనిరాగం తీస్తానని కూడా రాసింది. "నేనూ పాడనా అక్కా?" అంది. నవ్వొచ్చింది. మధ్యలో కాస్త ఐస్ తెమ్మని పంపాను. అంతే.

మార్చి 6

ఐస్ నిజంగానే కావలసి వచ్చింది.

మార్చి 9

నూట పదోసారి. విడిపోలేదు.

పొద్దున, సీసాల్ని ఆవిరిలో ఉడికించే ప్రెషర్ యంత్రం ఉన్న గదిలోకి వెళితే ఉడుత నేలమీద కూర్చుని ఉంది. ఆ యంత్రం ఆవిరికి ఎవరు ఏడ్చినా మొహం తడిగానే ఉంటుంది, అందుకే మా లాబ్‌లో ఏడవాలనుకున్నవాళ్ళంతా అక్కడికే వెళతారు. చేతులు చూపించింది. వేళ్ళ మధ్య చర్మం పగిలి ఎర్రగా ఉంది, గోళ్ళ చుట్టూ తోలు లేచిపోయింది.

"స్పిరిట్‌తో కడుగుతున్నానక్కా. రోజుకి ఇరవైసార్లు. నా చర్మం మీద ఏదో ఉన్నట్టుంది. అదే వాటిని బతికించేస్తోంది."

"పిచ్చిదానా, చేతుల్లో ఏముంటుంది?"

"మరింకెక్కడుంది? సీసా అదే, మందులు అవే, పద్ధతి అదే. మారింది చేతులే కదా? నువ్వు చేస్తే చస్తాయి. నేను చేస్తే బతుకుతాయి. అమ్మ వీధిలో అందరికీ చెప్పేసుకుంది నా కూతురు డాక్టరవుతోందని. నేనెక్కడికి పోవాలి?"

కొబ్బరినూనె తెచ్చి రాశాను. చేతులు రెండూ నా ఒళ్ళో పెట్టి కూర్చుంది. నాకు పిల్లలు లేరు. ఇలాంటివి అలవాటు లేదు.

మార్చి 10

సరే, రాస్తాను. చదివేవాళ్ళెవరున్నారు గనక.

నేను తోడు వేస్తాను. పాలకి వేసినట్టు. పాత తేటలోంచి ఎనిమిది చుక్కలు తీసి, కొత్త తేట తయారుచేసే సీసాలో, ఆకలికి పెట్టబోయే ముందు వేస్తాను. పద్ధతిలో అది లేదు. నోట్‌బుక్‌లోనూ లేదు.

ఆరేళ్ళ క్రితం మొదటి సీసా దానంతట అదే పనిచేసింది. సార్ వరండాలో చిన్నపిల్లాడిలా గంతులేశారు. రెండోది పనిచేయలేదు. మూడోదీ అంతే. సార్ అన్నం మానేశారు, మాట మానేశారు. మొదటి తేట ఫ్రిజ్‌లో కొంచెం మిగిలి ఉంది. పాతదాని గుణం కొత్తదానికి అబ్బుతుందేమోనని ఎనిమిది చుక్కలు వేశాను. పనిచేసింది. ఆ రోజే చెబుదామనుకున్నాను, కానీ నేను చేతులు తుడుచుకుని వెళ్ళేలోపే సార్ ఎవరికో ఫోన్ చేసి "మళ్ళీ వచ్చింది!" అని అరుస్తున్నారు. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత అనే రోజు ఆరేళ్ళుగా రాలేదు. ఈసారి తేటలోంచి వచ్చేసారి తేటకి, దాంట్లోంచి ఆ పై దానికి, అలా నలభై ఒక్క సీసాలు.

ఇందులో తప్పేముంది? కబురు కబురే కదా, కొంచెం ముందే అందించాను. నేను టెక్నీషియన్ని. ఆలోచించడానికి వేరే మనుషులున్నారు, వాళ్ళ గదులకి ఏసీ కూడా ఉంది.

మార్చి 11

నూట పదకొండు. విడిపోలేదు. ఉడుత ఈ రోజు బిస్కెట్ కూడా తినలేదు.

మార్చి 12

ఉడుత భోజనానికి వెళ్ళింది. దాని సీసా ఊపే యంత్రంలో ఊగుతోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎనిమిది చుక్కలు వేశాను. ఎప్పటిలాగే.

మార్చి 13

విడిపోయింది!

రెండున్నర గంటలకే గోడ మీది గడియారం సీసాలోంచి కనపడింది. ఉడుత కాసేపు నమ్మలేదు. సీసా తిప్పి చూసింది, ఇంకో సీసా తెచ్చి పక్కన పెట్టి చూసింది. తర్వాత నా మెడ పట్టుకుని ఊపేసింది. నా కళ్ళద్దాలు ఎగిరి సింక్‌లో పడ్డాయి. "చచ్చిపోయాయక్కా! అన్నీ చచ్చిపోయాయి!" అని అరుస్తుంటే పక్క లాబ్‌వాళ్ళు కంగారుగా తొంగిచూశారు. సార్ వచ్చి దాని తల మీద చెయ్యి వేశారు. "చేతులు దారికొచ్చాయన్నమాట" అన్నారు. ఆ మాటకి కూడా మురిసిపోయింది.

మార్చి 14

మంచిపనే చేశాను.

మార్చి 16

ఊరుకోదు కదా ఈ పిల్ల! గెలిచాక ఎందుకు గెలిచానని అడిగేవాళ్ళుంటారా? ఆ రోజు తను మూడు మార్పులు చేసిందట. నీళ్ళు మార్చిందట, మూత మార్చిందట, కూనిరాగం కూడా తీసిందట. ఏది పనిచేసిందో తేలాలని ఒక్కొక్కటీ తీసేసి మళ్ళీ చేస్తోంది. ఏ రోజు ఏ సీసా పెడుతుందో కనిపెట్టి, దాని వెనకాలే దొంగలా తిరుగుతూ నేను తోడు వేసుకుంటూ రావాలి. శనివారం ఒకసారి, ఈ రోజు రెండుసార్లు. "ఏం తీసేసినా పనిచేస్తోందక్కా! అంటే అంతా నా చేతుల్లోనే ఉంది" అంది.

డిగ్రీ రాగానే ఇంకో ఊళ్ళో పెద్ద లాబ్‌లో చేరుతుందట. ఈ పని అక్కడ మొదలుపెట్టడానికే వాళ్ళు తీసుకుంటామన్నారట. బ్యాక్టీరియా గొట్టాలు ఇవ్వమని సార్‌ని అడిగింది, ఆయన సరేనన్నారు.

అక్కడ తోడు ఎవరు వేస్తారు?

మార్చి 17

ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాను. పరీక్షిద్దామని కాదు. నిజంగానే తలనొప్పి.

సాయంత్రం ఉడుత ఫోన్ చేసింది. విడిపోలేదట. గొంతు వినపడనంత నెమ్మదిగా మాట్లాడింది. "మళ్ళీ పోయిందక్కా. మళ్ళీ చేతులు కడుక్కున్నాను." రేపు నేనొస్తానుగా, ఇద్దరం కలిసి చేద్దాం అన్నాను.

మార్చి 18

లెక్క వేశాను. ఇంతకాలం వేయలేదంటే చేతకాక కాదు.

నాలుగువందల మిల్లీ సీసాలో ఎనిమిది చుక్కలంటే వెయ్యో వంతు. రెండోసారికి పది లక్షల్లో ఒక వంతు. మూడోసారికి నూరు కోట్లలో ఒక వంతు. మొదటి సీసాలో ఉన్నది ఎంత ఘాటైన మందైనా సరే, పదోసారికి అణువు కూడా మిగలదు. నేను నలభై ఒక్కసార్లు పలచన చేశాను. ఘాటు ఇసుమంత కూడా తగ్గలేదు.

తగ్గకుండా ఉండాలంటే అది ప్రతి సీసాలోనూ పిల్లల్ని పెట్టాలి.

బ్యాక్టీరియాని తిని బతికే వైరస్‌లున్నాయి. ఫేజ్ అంటారు. మా వడపోతలోంచి అవి ఆడుతూ పాడుతూ జారిపోగలవు. ఇరవై రెండేళ్ళు ఈ లాబ్‌లో ఉన్నదాన్ని, ఆ పేరు ఈ రోజే వింటున్నట్టు రాస్తున్నాను చూడు.

పళ్ళెంలో బ్యాక్టీరియాని తివాచీలా పరిచి, తేటని పలచన చేసుకుంటూ పోశాను. మందైతే పలచన చేసేకొద్దీ పళ్ళెమంతా కొద్దికొద్దిగా మసకబారాలి. ఫేజ్ అయితే విడివిడిగా గుండ్రటి ఖాళీలు పడాలి. పలచన చేస్తే వాటి లెక్క తగ్గుతుందే గానీ, ఒక్కొక్కటీ మాత్రం అంతే స్పష్టంగా ఉంటుంది.

రేపు చూడాలి.

మార్చి 19

గుండ్రాలు.

మొదటి పళ్ళెంలో లెక్కపెట్టలేనన్ని. రెండోదాంట్లో నూట ముప్ఫై. మూడోదాంట్లో పదమూడు. పదమూడూ మా ఆయన దుకాణంలో అద్దం బిళ్ళల్లాగా మెరుస్తున్నాయి.

కబురు లేదు. కడుపులో విషం తిరగబడి చావడం లేదు. తోబుట్టువుల కోసం త్యాగం లేదు. ఎక్కడినుంచో ఒక వైరస్ మొదటి సీసాలో పడింది. దాన్ని ఆరేళ్ళుగా తోడు వేసి పెంచి పోషించింది నేను. చివర్లో మిగిలేవి తోబుట్టువుల్ని తిని బతికినవి కావు, ఆ వైరస్ అంటనివి. అంతే.

ఉడుత నూట పన్నెండుసార్లు వైరస్ లేకుండా శుభ్రంగా చేసింది.

మార్చి 20

సార్ గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఎనిమిదేళ్ళ క్రితం అద్దం ముక్క ఎగిరి మా ఆయన కంట్లో పడ్డప్పుడు, ఆసుపత్రి వరండాలో రెండు రోజులు నా పక్కన కూర్చున్న మనిషి ఆయన. టీ తెచ్చి, చల్లారిపోతే మళ్ళీ తెచ్చేవారు. సొంత అన్నయ్య రాలేదు, ఆయన వచ్చారు.

రేపు చెబుతాను.

మార్చి 21

చెప్పాను. పళ్ళేలు బల్లమీద పెట్టి, తోడు సంగతి, ఆరేళ్ళూ, ఉడుత సీసా, అన్నీ కక్కేశాను. సార్ మధ్యలో ఆపలేదు.

"కబురు అందుకున్నది తనూ కబురు పంపుతుంది కదా అక్కయ్యా" అన్నారు చివరికి. "అలా కూడా తగ్గకుండా ఉండొచ్చు."

"పలచన చేశాను సార్. గుండ్రాల లెక్క తగ్గింది. మసకబారలేదు."

మూడో పళ్ళెం ఎత్తి వెలుతురులో పట్టుకున్నారు. పదమూడు గుండ్రాలు ఆయన మొహం మీద పడ్డాయి. ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టారు.

"మరి వ్యాసంలో పోలికకి పెట్టిన, ఉంగరం తీసేసిన రకం ఈ తేటకి ఎందుకు చావలేదు?"

"అది వేరే లాబ్ నుంచి తెచ్చుకున్నది సార్. ఈ వైరస్ దాన్ని అంటదేమో."

కిటికీ వైపు తిరిగారు. నేను ఆయన మెడ మీది తెల్లజుట్టు చూస్తూ నిలబడ్డాను. "ఇంకెవరికైనా చూపించారా?" అని అడిగారు. లేదన్నాను.

"27 కానివ్వండి. ఆ పిల్లకి డిగ్రీ వస్తుంది. వచ్చే ఏడు నేను రిటైరవుతాను. తర్వాత ఎవరో ఒకరు కనిపెడతారు, సైన్స్ దాని దారి అది చూసుకుంటుంది. ఇప్పుడు నోరు విప్పితే ముందు పోయేది ఆ పిల్లే. మీరు దాన్ని చంపదలుచుకున్నారా?"

పళ్ళేలు తీసుకుని బయటికొచ్చేశాను. ఆయన అన్నదీ నిజమే కదా.

మార్చి 22

ఆయన అన్నదీ నిజమే.

ఇంకో ఊరి లాబ్‌లో ఉడుత ఒక్కర్తే సీసా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉండడం కళ్ళ ముందు కదులుతోంది.

మార్చి 23

మా ఆయనకి చెప్పాను. ఆయన పొద్దున్నే దుకాణం తెరిచి, ఫ్రేమ్‌కి అద్దం బిగిస్తున్నారు. తలెత్తకుండా విన్నారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న పళ్ళెం చూశాక."

స్క్రూ బిగించారు. "సరే. ఎప్పుడు తెలిసింది?"

"లెక్క వేసినప్పుడు."

"ఊఁ. ఎప్పుడు?"

కంటి పరీక్షలో అద్దం మార్చి మార్చి 'ఇప్పుడెలా ఉంది, ఇప్పుడు' అని అడుగుతారే, సరిగ్గా అలాగే. కోపం లేదు, తొందర లేదు. నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది.

"మొదటి రోజే" అన్నాను. "ఐస్ తెమ్మని పంపించేదాన్ని. ఎవరున్నా ఏదో ఒకటి తెమ్మని పంపించేదాన్ని. తప్పు కాదనుకుంటే ఎందుకు పంపిస్తాను?"

ఆయన అద్దం తుడిచి పక్కన పెట్టారు. "ఇప్పుడు కనపడుతోందన్నమాట" అని లేచి నాకు మంచినీళ్ళు తెచ్చారు.

మార్చి 25

ఉడుతకి చెప్పాను. ప్రెషర్ యంత్రం గదిలోనే, తలుపు వేసి.

అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. నిలబడి వింటూ, వేలి మీద ఎండిన చర్మం పీక్కుంటూ ఉంది. "నూట పన్నెండుసార్లు" అంది. "నా చేతులనుకున్నాను. నువ్వు కొబ్బరినూనె రాశావు."



తర్వాత కళ్ళు తుడుచుకుని, ఎప్పుడూ వినని గొంతుతో అడిగింది. "ఆ సీసా ఎక్కడుంది?"

"ఫ్రిజ్‌లో. ఎందుకు?"

"నాకు కొంచెం ఇవ్వు. వెళ్ళేటప్పుడు తీసుకెళతాను. ఇంకెవరికీ చెప్పకు. నేను వేసుకుంటాను అక్కా. ఎనిమిది చుక్కలే కదా? నేను వేసుకుంటాను."

అబద్ధం చెప్పడం రాని పిల్ల.

రేపిస్తానని చెప్పాను. అవును, అలాగే చెప్పాను.

మార్చి 26

పొద్దుటి నుంచి నావైపే చూస్తోంది. తేట సీసా నా కోటు జేబులో ఉంది. ఇవ్వనూ లేదు, పారబోయనూ లేదు. జేబులోంచి చలి తొడకి తగులుతోంది.

అది భోజనానికి వెళ్ళినప్పుడు దాని పాత నోట్‌బుక్‌లు తీశాను. ఏడు. ప్రతి పేజీలో తేదీ, సీసా నంబరు, పద్ధతి, చివర ఎర్రసిరాతో ఒకే మాట: చావలేదు. మొదటి ఏడాది అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. పోనుపోను వంకరపోయాయి. ఒకచోట పేజీ చిరిగేంతగా నొక్కి రాసింది. చావలేదు. చావలేదు. చావలేదు.

ఈ అయిదేళ్ళలో మా లాబ్‌లో నిజం రాసిన పుస్తకాలు ఇవే.

దాన్ని అడగకుండా ఇదివరకే దాని సీసాలో చెయ్యి పెట్టాను. రేపు చెబితే మళ్ళీ అడగకుండా పెట్టినట్టే. అడిగితే వద్దంటుంది. ఊరుకుంటే ఇంకో ఏడాదికి నాలా తయారవుతుంది. రోజూ పొద్దున్నే లేచి 'తప్పేముంది' అని కొత్తగా ఒక విరుగుడు తయారుచేసుకోవాలి. నిన్నటిది ఈ రోజుకి పనిచేయదు, చివికిపోతుంది. ఈ డైరీలో నేను చేస్తున్న పని అదే.

భయంగా ఉంది. రాయడానికి ఇంకేం లేదు, చాలా భయంగా ఉంది.

మార్చి 27

కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్న ముసలావిడ చెవికి యంత్రం పెట్టుకుంది. ఉడుత ఎదురుగా నిలబడి ఉంది, పక్కన సార్. టీ కప్పులు తీసుకెళ్ళే నెపంతో తలుపు తోశాను. ట్రేలో కప్పులు లేవు. పళ్ళేలు, తేట సీసా, ఏడు నోట్‌బుక్‌లు.

"అక్కా, వద్దు" అంది ఉడుత.

సార్ కళ్ళు మూసుకున్నారు.

ఎలా చెప్పానో గుర్తులేదు. మధ్యలో ముసలావిడ "గట్టిగా చెప్పమ్మా" అంది. గట్టిగా చెప్పాను. "తోడు వేసింది నేను. ఈయనకి తెలియదు. ఈ పిల్లకీ తెలియదు. దాని సీసాలోనూ నేనే వేశాను." సార్‌కి ఆరు రోజులుగా తెలుసన్న మాట ఒక్కటి మింగేశాను. మింగడం ఇంకా పోలేదు.

అప్పుడు సార్ కళ్ళు తెరవకుండానే అన్నారు. "నాకు 21 నుంచి తెలుసు."

ముసలావిడ నోట్‌బుక్ తెరిచింది. ఒక పేజీ, ఇంకో పేజీ. ఏడు పుస్తకాలూ తిరగేసింది. చివరికి ఉడుత వైపు చూసి, "చావలేదు అని నూట పన్నెండుసార్లు రాశావు. ఇది ఫలితం కాదని నీకెవరు చెప్పారు?" అంది.

ఉడుత ఏడవలేదు. నా వైపు చూడనూ లేదు.

మార్చి 30

ఉడుతని పంపించడం లేదు. ఇంకో ఏడాది గడువిచ్చి, ముసలావిడ లాబ్‌కి మార్చారు. ఇంకో ఊరివాళ్ళు మాత్రం రావద్దని ఉత్తరం రాశారట. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నారు. సార్ గదికి తాళం పడింది. నన్ను లాబ్ మెట్లెక్కొద్దన్నారు. ప్రతి తేటలోంచీ కొంచెం దాచిపెట్టిన నలభై ఒక్క గొట్టాలూ సీలు వేసి పట్టుకెళ్ళారు.

ఉడుతకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మార్చి 31

ఎత్తలేదు.

ఏప్రిల్ 2

సార్ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసేసింది. లోపల టీ కప్పు చప్పుడు వినపడింది.

ఏప్రిల్ 9

దుకాణంలో ఫ్రేములు తుడుస్తున్నాను. ఉడుత వచ్చింది. మా ఆయన చూసి, ఏదో పనున్నట్టు బయటికెళ్ళారు.

కంటి పరీక్ష కుర్చీలో కూర్చుంది. చేతులు మానాయి. వేళ్ళ మధ్య కొత్త చర్మం గులాబీరంగులో ఉంది. సంచీలోంచి కొత్త నోట్‌బుక్ తీసి, మోకాలి మీద పెట్టుకుంది. పలకరింపు లేదు.

"ఆ వైరస్ ఎక్కడినుంచి వచ్చింది, ఎలా పెరిగింది అనేదే ఇప్పుడు నా పని. పద్ధతి సరిగ్గా రాయాలి. తోడు ఎప్పుడు వేసేవారు?"

వేసేవారు. సరే.

"ఆకలికి పెట్టే ముందు."

"చల్లగానా, గది వేడికి వచ్చాకా?"

"చల్లగానే."

ఒక్కొక్కటీ రాసుకుంది. ఎలా చేశారని ఆరేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. ఉడుత అడిగినప్పుడు ఐస్‌కి పంపించాను.

"ఎన్ని చుక్కలు?"

"ఎనిమిది."

"ప్రతిసారీ ఎనిమిదేనా?"

అవునందామని నోరు తెరిచాను. ఆ పిల్ల పెన్ను కాగితం మీద పెట్టి ఎదురుచూస్తోంది. నేను ఏది చెబితే అది రాసుకుంటుంది.

"నీ సీసాలో మొదటిసారి వేసినప్పుడు పదహారు" అన్నాను. "ఎనిమిది సరిపోవేమోనని భయమేసింది. నువ్వు ముందురోజంతా ఏమీ తినలేదు."

పెన్ను ఆగింది. తలొంచుకునే ఉంది, మొహం కనపడలేదు. తర్వాత అంకె వేసి, కింద గీత గీసింది. ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, నోట్‌బుక్ మూసి, లేచి వెళ్ళిపోయింది.

మార్చి 12న ఈ డైరీలో ఎనిమిది, ఎప్పటిలాగే అని రాశాను. తప్పు. దిద్దుతున్నాను: పదహారు.